మన గుట్ట మీద ధ్రువ నక్షత్రం ఉండదు

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా మార్కుల కోసం చదివినవాణ్ణే. మన క్లబ్ పత్రికకి నేను రాస్తున్న మొదటి వ్యాసం ఇది. ఒత్తులు, దీర్ఘాలు ఎడిటర్ అక్క సరిచేస్తానంది. విషయం మాత్రం నాదే. ఇందులో ఒక తప్పు ఉంది, అదీ నాదే.

పోయిన సెమిస్టర్ ఫెస్ట్‌లో ఫోటోగ్రఫీ పోటీ జరిగింది కదా, 'రాత్రి' అనే థీమ్‌తో. నా ఫోటోకి రెండో బహుమతి వచ్చింది. మెయిన్ బ్లాక్ మెట్ల దగ్గర వారం రోజులు పెట్టారు కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు. కింద ఒక రాళ్ళ గుట్ట, దాని ముందు చేను, పైన ఆకాశం నిండా నక్షత్రాలు గీసిన వలయాలు. ఒక చుక్క మధ్యలో కదలకుండా ఉంటే మిగతావన్నీ దాని చుట్టూ తిరిగినట్టు. ఫోటోగ్రఫీ వాళ్ళు వీటిని స్టార్ ట్రెయిల్స్ అంటారు.

నిజం ఏంటంటే, ఆ గుట్ట ఫోటో నేను తీసిందే. జమ్మలమడుగు దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరు. దీపావళి సెలవుల్లో, పొద్దు గుంకిన పావుగంటకి తీశాను. ఆకాశం మాత్రం నాది కాదు. ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక ఫోటోలోంచి కోసి అతికించాను. గుట్ట అంచు దగ్గర కోత కనపడకుండా చేయడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల పనికే బహుమతి వచ్చిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పట్టుకున్నది జడ్జీలు కాదు, మా అవ్వ.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ప్రింట్ తీసుకెళ్ళి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుంది నాయనా. ఇది మన గుట్టే కదా?" అంది. అవునన్నాను. "మరి ధ్రువుడు ఆడికెట్లా వచ్చినాడు?"

నాకు అర్థం కాలేదు. అవ్వ చేత్తో చూపించింది. "గుట్ట మనకు దక్షిణానికి కదా. ధ్రువుడు ఇంటి ఎనక, చింతమాను కొమ్మల కాడ ఉంటాడు. ఆడ ఉండేటోడు ఈడికెట్లా వచ్చినాడు అంటున్నా."

అది ఎడిటింగ్ అవ్వా అన్నాను. అంటే ఏందిరా అంది. చెప్పడానికి ట్రై చేశాను. మొత్తం విని, "అంటే లేనిది పెట్టినావా?" అంది. తిట్టలేదు. పైగా నవ్వింది. "దక్షిణాన కొత్త చుక్కలు పెట్టినోడు విశ్వామిత్రుడు ఒక్కడే అనుకుంటి, నువ్వు గూడా ఉండావా" అంది. త్రిశంకు కోసం విశ్వామిత్రుడు దక్షిణ దిక్కున ఇంకో సప్తర్షి మండలాన్నే సృష్టించిన కథ నాకు అప్పుడే తెలిసింది. మా మామ, పిల్లలు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదో తరగతి దాకా చదివిన మనిషి ఒక్క చూపులో కనిపెట్టిన దాన్ని నేను, కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం, ఎందుకు చూడలేకపోయాను? నేను అసలు ఆ ఆకాశం వైపు ఎప్పుడూ చూడలేదు కాబట్టి. గుట్ట ఏ దిక్కున ఉందో కూడా ఆలోచించలేదు. మ్యాప్స్‌లో బాణం ఎటు చూపిస్తే అటు నడిచేవాడికి దిక్కులతో పనేముంది?

తర్వాత లెక్క వేసి చూస్తే నా ఫోటోలో తప్పు ఒకటి కాదు, రెండు. ధ్రువ నక్షత్రం దిక్చక్రం నుంచి ఎంత ఎత్తులో కనిపిస్తుందనేది మనం ఉన్న ఊరి అక్షాంశం మీద ఆధారపడుతుంది. రెండూ దాదాపు సమానం. గండికోట, జమ్మలమడుగు ప్రాంతం సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. హైదరాబాద్ 17 డిగ్రీలు దాటి, శ్రీకాకుళం 18 దాటి ఉన్నాయి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే మా ఊళ్ళో ధ్రువుడు ఉత్తరాన నేల నుంచి ఒకటిన్నర పిడికిలి ఎత్తులోనే ఉంటాడు. అవ్వ చెప్పినట్టు సరిగ్గా చింతచెట్టు కొమ్మల దగ్గర. నా ఫోటోలో ఐదు పిడికిళ్ళ ఎత్తులో ఉన్నాడు. అది ఏ యూరప్ దేశం ఆకాశమో అయ్యుంటుంది. అంటే దిక్కూ తప్పే, ఎత్తూ తప్పే. రెండు వేల పైచిలుకు మంది ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో వారం రోజులు గోడ మీద ఉన్నా ఎవ్వరూ అడగలేదు.

హాస్టల్‌కి వచ్చాక రూమ్మేట్స్‌తో చెప్తే, "ఇందులో తప్పేముంది రా, అందరూ చేసేదే" అన్నారు. నిజమే, అందరూ చేసేదే. ఆకాశం మార్చడానికి ఇప్పుడు మూడు గంటలు కూడా అక్కర్లేదు, ఫోన్లో ఒక్క బటన్ చాలు. ఆ మాట నన్ను రెండు వారాలు తినేసింది. ఎందుకంటే స్టార్ ట్రెయిల్స్ ఫోటో ఎలా తీస్తారో తెలిస్తే, అసలు దాన్ని నిజమైన ఫోటో అనొచ్చా అన్న డౌట్ ఎవరికైనా వస్తుంది. కాబట్టి ముందు అది చెప్పాలి.

భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల నక్షత్రాలు గంటకి 15 డిగ్రీలు కదిలినట్టు కనిపిస్తాయి. మామూలు ఫోటోలో ఆ కదలిక తెలియదు. కెమెరాని ట్రైపాడ్ మీద బిగించి రెండు గంటలు షట్టర్ తెరిచి ఉంచితే ప్రతి నక్షత్రమూ 30 డిగ్రీల వంపు గీత గీస్తుంది. ఫిల్మ్ కెమెరాల రోజుల్లో అలాగే తీసేవారు. డిజిటల్ సెన్సార్‌కి అంతసేపు తెరిచి ఉంచితే వేడెక్కి చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది, దగ్గర్లో దీపాలేమన్నా ఉంటే ఫోటో తెల్లగా మాడిపోతుంది. అందుకని 30 సెకన్ల ఫోటోలు వరసగా వందల కొద్దీ తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. కలపడం కూడా చాలా సింపుల్. ఒకే చోట ఉన్న పిక్సెల్‌ని అన్ని ఫోటోల్లోనూ చూసి, అన్నిటికన్నా వెలుగు ఎక్కువ ఉన్న విలువని ఉంచాలి. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఒక ఫర్ లూప్, అందులో నంపై మాక్సిమమ్. మొదటి సంవత్సరం ల్యాబ్‌లో చేసిన ప్రోగ్రామ్ కన్నా చిన్నది.

అంటే ఇదీ సాఫ్ట్‌వేర్ పనే. మరి నేను చేసినదానికీ దీనికీ తేడా ఏంటి?

నాకు దొరికిన జవాబు ఇది. ట్రైపాడ్ కదలలేదు. రాత్రి మారలేదు. ఆ రెండు వందల ఫోటోల్లో ఏ పిక్సెల్ తీసుకున్నా అది ఆ చోట, ఆ రెండు గంటల్లో కెమెరా మీద నిజంగా పడిన వెలుగే. రెండు గంటలు కదలకుండా చూడగలిగే కన్ను ఉంటే ఏం చూస్తుందో అది. నేను చేసింది వేరు. నా ఫోటోలో నేల మీద పడిన వెలుగుకీ ఆకాశంలోని చుక్కలకీ ఏ సంబంధమూ లేదు. అవి రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూడలేదు.

ఇక్కడే వెన్నెల వస్తుంది. అసలు నేను ఆకాశం ఎందుకు అతికించాల్సి వచ్చిందో చెప్తే మీకు అర్థమవుతుంది.

నక్షత్రాల ఫోటోలు నేర్పే వీడియోలన్నీ ఒకటే పాట పాడతాయి. అమావాస్యకి వెళ్ళండి, చంద్రుడు ఉంటే దండగ అని. పాలపుంత కావాలంటే అది నిజమే. కానీ అమావాస్య రాత్రి నేల కూడా కనపడదు. గుట్ట నల్లటి కాగితం కత్తిరించి పెట్టినట్టు ఉంటుంది. అందుకే సాయంత్రం వెలుగులో నేల ఫోటో ఒకటి, అర్ధరాత్రి ఆకాశం ఫోటో ఒకటి తీసి అతికిస్తారు. అతికించడం ఒకసారి మొదలైతే ఆ ఆకాశం అదే ఊరిది ఎందుకు కావాలి, అదే దిక్కుది ఎందుకు కావాలి అనిపిస్తుంది. నాకు అనిపించినట్టే.

వెన్నెల్లో ఆ అవసరమే లేదు. ఒకే 30 సెకన్లలో నేలా వస్తుంది, నక్షత్రాలూ వస్తాయి. వెన్నెల అంటే చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే. పున్నమి చంద్రుడి కన్నా సూర్యుడు సుమారు 4 లక్షల రెట్లు ఎక్కువ వెలుగు. అంత తక్కువ వెలుగులో మన కంటికి రంగులు తెలియవు కాబట్టి వెన్నెల రాత్రి అంతా బూడిద రంగులోనో లేత నీలంగానో కనిపిస్తుంది. కెమెరా 30 సెకన్లు ఆగి ఆ వెలుగుని పోగుచేస్తే మాత్రం పగలు ఎలా ఉంటుందో అలాగే వస్తుంది. మట్టి ఎర్రగా, చేను పచ్చగా, ఆకాశం నీలంగా. పగలు ఆకాశం నీలంగా ఉండడానికి ఏ కారణమో రాత్రీ అదే కారణం, గాలి నీలం వెలుగుని ఎక్కువగా చెదరగొట్టడం. నీలం ఆకాశంలో నక్షత్రాల గీతలు చూస్తే మొదట ఫేక్ అనిపిస్తుంది. నిజానికి అదే అసలుది.

వెన్నెల్లో నక్షత్రాలు తగ్గిపోతాయి కదా అంటారు. తగ్గుతాయి. మంచి చీకట్లో మామూలు కంటికి రెండు మూడు వేలు కనిపిస్తే వెన్నెల్లో కొన్ని వందలే కనిపిస్తాయి. స్టార్ ట్రెయిల్స్‌కి అది మంచిదే. వేల గీతలు ఒకదాని మీద ఒకటి పడితే ఆకాశం దువ్వెనతో గీకినట్టుంటుంది. వెన్నెల్లో మిగిలేవి పేరున్న నక్షత్రాలు. ప్రతి గీతా ఎవరిదో చెప్పొచ్చు.

పున్నమి దాకా ఆగక్కర్లేదు కూడా. ఇక్కడ ఒక తమాషా ఉంది. సగం చంద్రుడంటే పున్నమి వెలుగులో సగం అనుకుంటాం. కాదు, సుమారు పదో వంతే. చంద్రుడి నేలంతా గుంటలు, గుట్టలు. ఎండ పక్కనుంచి పడినప్పుడు వాటి నీడలే చాలా వెలుగుని మింగేస్తాయి. పున్నమి నాడు ఎండ ఎదురుగా పడుతుంది కాబట్టి ఆ నీడలు మనకి కనిపించవు. ఫోటోకి అష్టమి నుంచి ద్వాదశి మధ్య చంద్రుడు సరిపోతాడని నా లెక్క.

ఆ లెక్క వేసుకుని, రథసప్తమి అయిన రెండో రోజు, మాఘ శుద్ధ నవమికి మళ్ళీ ఊరెళ్ళాను. ఇంట్లో ల్యాబ్ రికార్డులు రాసుకోవాలని అబద్ధం చెప్పి రెండు రోజులు క్లాసులు ఎగ్గొట్టాను. దాని గురించి ఇంకో వ్యాసం రాస్తాను. కెమెరా నాది కాదు, సీనియర్ అన్నది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాంతో వచ్చిన 18-55 లెన్స్. ట్రైపాడ్ ఒక కాలు వదులు, టేప్ చుట్టాం.

చంద్రుడు ఎప్పుడు మునుగుతాడో చూద్దామని యాప్ తెరిస్తే ఊళ్ళో నెట్ లేదు. అవ్వ వేళ్ళ మీద లెక్కేసింది. శుక్లపక్షంలో తిథికి రెండు గడియలు. నవమి అంటే తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది గడియలు. గడియ అంటే 24 నిమిషాలు. పొద్దు గుంకినప్పటి నుంచి పద్దెనిమిది గడియలంటే 7 గంటల 12 నిమిషాలు. అంటే రాత్రి సుమారు ఒకటిన్నరకి. తర్వాత నెట్ వచ్చినప్పుడు యాప్‌లో చూస్తే పావుగంట తేడా. చంద్రుడు రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడని ఫిజిక్స్ పుస్తకంలో చదివాను. అవ్వ లెక్కలో 48 నిమిషాలు. నేను దాన్ని ఫార్ములా అన్నాను, అవ్వ లెక్క అంది. అంతే తేడా.

మామ టార్చి, కర్ర తీసుకుని తోడొచ్చాడు. పప్పుశనగ కోతకి వచ్చింది. చేని గట్టు మీద ట్రైపాడ్ పెట్టి కెమెరాని దక్షిణం వైపు, గుట్ట వైపు తిప్పాను. చంద్రుడు పిల్లలకోడి దగ్గర ఉన్నాడు. కృత్తికల్ని అవ్వ పిల్లలకోడి అంటుంది. కోడి చుట్టూ పిల్లలు మూగినట్టే ఉంటాయి. వరసగా మూడు చుక్కలుంటే గొల్లకావడి అంటుంది. నాకు తెలిసిన పేరు ఒరాయన్ బెల్ట్. తొమ్మిదింటికి చంద్రుడు పడమటికి వాలుతున్నాడు, వెన్నెల గుట్ట మీద కుడి పక్క నుంచి పడుతోంది. గుట్ట రాళ్ళ మధ్య సందులన్నీ కనిపిస్తున్నాయి.

ఫోకస్ దగ్గరే అరగంట పోయింది. చీకట్లో ఆటోఫోకస్ పనిచేయదు. స్క్రీన్ మీద ఒక పెద్ద నక్షత్రాన్ని జూమ్ చేసి, అది వీలైనంత చిన్న చుక్క అయ్యేదాకా రింగ్ తిప్పి, తర్వాత మాన్యువల్‌లో వదిలేయాలి. ఆ నక్షత్రం గుట్టకి పైన ఒంటరిగా మెరుస్తోంది. పేరు తెలియక మామని అడిగితే ఆయనకీ తెలియదు. ఇంటికొచ్చి అవ్వని అడిగితే వెంటనే చెప్పింది. "దక్షిణాన అంత పెద్దగా ఉంటే అగస్త్యుడు కాక ఇంకెవరు?"

అగస్త్య నక్షత్రం, ఇంగ్లిష్‌లో కనోపస్. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత ఎక్కువ వెలుగున్నది ఇదే. మా ఊరి నుంచి చూస్తే ఎంత పైకి వచ్చినా 22 డిగ్రీలకి మించి రాదు, అంటే రెండు పిడికిళ్ళ కన్నా కాస్త ఎక్కువ. యూరప్‌లో చాలా భాగం నుంచి అసలు ఏ రోజూ కనపడదు. ఎంత విచిత్రం చూడండి. నేను అక్కడి ధ్రువ వలయాలు తెచ్చి మా గుట్ట మీద అతికించాను. వాళ్ళకి జన్మలో కనపడని నక్షత్రం మా గుట్ట మీద రోజూ నడుస్తోంది, నేను ఒక్కసారి కూడా చూడలేదు.

సెట్టింగ్స్ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఎఫ్ 3.5, ఐఎస్ఓ 1600, ఒక్కో ఫోటో 30 సెకన్లు, మధ్యలో 1 సెకను గ్యాప్. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆపేయాలి. లేకపోతే ప్రతి ఫోటో తర్వాత కెమెరా ఇంకో 30 సెకన్లు షట్టర్ మూసి ఖాళీ ఫోటో తీసుకుంటుంది, గీతలన్నీ ముక్కలైపోతాయి. తొమ్మిది నుంచి పదకొండు దాకా 232 ఫోటోలు వచ్చాయి. ఆ రెండు గంటలు చేయడానికి ఏ పనీ ఉండదు. ఫోన్ తీయకూడదు, టార్చి వేయకూడదు. మామ తన చిన్నప్పుడు ఈ చేనికి కాపలా పడుకున్న రాత్రుల గురించి చెప్పాడు. మా మామతో నేను రెండు గంటలు వరసగా మాట్లాడింది అదే మొదటిసారి.

10 గంటల 12 నిమిషాలకి చెరువు కట్ట మీద ఎవరో మోటార్ సైకిల్ తిప్పారు. హెడ్‌లైట్ చేను మీదుగా, గుట్ట మీదుగా ఒక్కసారి ఊడ్చినట్టు వెళ్ళింది. నాకు గుండె జారిపోయింది. ఎందుకో చెప్తాను. సగటు తీస్తే 232 ఫోటోల్లో ఒక్క దాని తప్పు కనపడకుండా కరిగిపోతుంది. మాక్సిమమ్ అలా కాదు. ఒక్క ఫోటోలో ఒక్క క్షణం పడిన వెలుగు కూడా చివరి ఫోటోలో ఉండిపోతుంది. అది 141వ ఫోటో.

హాస్టల్‌లో కూర్చుని 141వ ఫోటోని తీసేసి మిగతా 231 కలిపాను. ఫోటో చూసి మొదట నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. వలయాలు లేవు. దక్షిణ ధ్రువ బిందువు మన నేలకి 15 డిగ్రీలు కింద ఉంటుంది కాబట్టి ఇటువైపు నక్షత్రాలు గుట్ట మీదుగా ఇంద్రధనుస్సులా ఎడమ నుంచి కుడికి వంగి వెళ్తాయి. అన్నిటికన్నా లావు గీత అగస్త్యుడిది. కింద వెన్నెల్లో శనగ చేను.

జూమ్ చేస్తే మాత్రం ప్రతి గీతలోనూ ఒకేచోట చిన్న తెగు ఉంది. అగస్త్యుడి గీతలో లెక్కపెడితే 7 పిక్సెళ్ళు. ఆ అర నిమిషం. పూడ్చడం చాలా తేలిక. అటూ ఇటూ ఉన్న ఫోటోల మధ్య ఇంటర్‌పొలేట్ చేసే కోడ్ పది లైన్లు కూడా ఉండదు. రాశాను కూడా. రన్ చేయకుండా ఆపేశాను.

ఏడు పిక్సెళ్ళ కోసం ఇంత పట్టింపా అని రూమ్మేట్ అడిగాడు. ఏడు పిక్సెళ్ళని పూడిస్తే నేనేం నేరస్తుణ్ణి అయిపోను. అది నాకూ తెలుసు. కానీ ఆ కోడ్ రాస్తున్నప్పుడు నా చేతులకి తెలిసిన ఫీలింగే వచ్చింది, గుట్ట అంచు దగ్గర కోత కనపడకుండా చేస్తున్నప్పుడు వచ్చిన ఫీలింగ్. ఎవరికీ తెలియదులే అన్న ఫీలింగ్. అందుకే ఆపేశాను. నేల దగ్గర నాయిస్ తగ్గడానికి మాత్రం 231 ఫోటోల సగటు వాడాను, ఆకాశానికి మాక్సిమమ్. అది దాచుకోవాల్సిన విషయం కాదు కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు నా వాదన. ఎడిటింగ్ వద్దని నేను అనడం లేదు. ఎవరైనా ఊహించి బొమ్మ వేస్తే, కంప్యూటర్‌తో కొత్త ఆకాశం చేస్తే అది వాళ్ళ కళ. విశ్వామిత్రుడు కూడా కొత్త నక్షత్రాలు పెట్టాడు, కానీ అవి ముందునుంచీ అక్కడే ఉన్నాయని చెప్పలేదు. నేను 'మా ఊరి గుట్ట మీద రాత్రి' అని క్యాప్షన్ పెట్టాను. అబద్ధం ఫోటోలో కన్నా ఆ క్యాప్షన్‌లో ఎక్కువ ఉంది.

ఇది మన కాలేజీ పోటీ వరకే అయితే ఇంత రాయక్కర్లేదు. 2023లో ఒక పెద్ద కంపెనీ ఫోన్ మీద గొడవ గుర్తుందా? ఒకతను కావాలనే మసకబార్చిన చంద్రుడి బొమ్మని కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి, దూరం నుంచి ఆ ఫోన్‌తో ఫోటో తీస్తే, స్క్రీన్ మీద లేని గుంటలు కూడా ఫోటోలో వచ్చాయి. చంద్రుడు ఎలా ఉండాలో ఫోన్‌కి ముందే నేర్పారు కాబట్టి అది పూరించేసింది. ఇలాంటివి తయారు చేసే ఉద్యోగాలకే మనలో సగం మంది వెళ్తాం. ఉన్నది చూపించాలా, ఉండాల్సింది చూపించాలా అన్న ప్రశ్న మన టీమ్ మీటింగ్‌లో రేపు మన ముందుకే వస్తుంది. అప్పుడు 'అందరూ చేసేదే' అని అంటామా?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది మన హైదరాబాద్‌లోనే ఉంది. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ గురించి నేను ఈ మధ్యే చదివాను. ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి జాబితా చేయడానికి వందేళ్ళ కిందట ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకుంటే, అందులో కొంత భాగం నిజామియాకి వచ్చింది. గాజు పలకల మీద ఏళ్ళ తరబడి ఫోటోలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. వాళ్ళకి గీతలు రావడం తప్పు, చుక్క చుక్కగానే రావాలి, అందుకని టెలిస్కోప్‌ని ఆకాశంతో పాటు తిప్పేవారు. నాకు కావాల్సింది వాళ్ళు వద్దనుకున్న గీతలే. కానీ పద్ధతి ఒకటే. ఏ రాత్రి, ఎక్కడి నుంచి, ఏ దిక్కు అన్నది తెలియకపోతే ఆ గాజు పలక అందమైన గాజు ముక్కే, దేనికీ పనికిరాదు.

అందుకే మన ఫోటోగ్రఫీ క్లబ్‌కి నా సూచన ఒకటే. పోటీ ఫారంలో మూడు లైన్లు పెట్టండి. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, ఏవేవి కలిపారు. కలిపినవాళ్ళని తీసేయొద్దు. వాళ్ళకి వేరే విభాగం పెట్టండి, వేరే బహుమతి ఇవ్వండి. చెప్పి చేస్తే చాలు.

ఇక నా బహుమతి సంగతి. మూడో బహుమతి వచ్చిన ఫోటో మీకు గుర్తుందో లేదో. ఫస్టియర్ అమ్మాయి ఒకరు ఫోన్‌తో తీసింది. రాత్రి పదకొండింటికి హాస్టల్ మెస్ వెనక గిన్నెలు కడుగుతున్న ఆంటీ, పైన ఒక్క ట్యూబ్‌లైట్. కాస్త షేక్ అయ్యింది. నా వలయాల పక్కన అది వెలవెలబోయిందని అప్పుడు అనుకున్నాను. ఆ రాత్రి ఆ ఫోటోలో ఉన్నవన్నీ నిజంగా అక్కడ ఉన్నవే. కోఆర్డినేటర్ అన్నకి సర్టిఫికెట్, డబ్బులు వెనక్కి ఇచ్చేస్తానని మెసేజ్ పెట్టాను. "ఇప్పుడు ఎందుకు రా, అయిపోయింది కదా" అన్నాడు. సోమవారం వెళ్ళి ఇచ్చేశాను. ఆ అమ్మాయికి కూడా విషయం చెప్పాను. ఏమీ అనలేదు, కొంచెంసేపు చూసి, "సరే అన్నా, థాంక్స్" అని వెళ్ళిపోయింది. సారీ చెప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు.

కొత్త ఫోటో ప్రింట్ అవ్వకి పంపాను. ఫోన్ చేసి ఎలా ఉందవ్వా అంటే, "అగస్త్యుడు బాగా పడినాడు. ఈ తెగిందేంది నడుమ?" అంది. చూడండి, అవ్వకి అదీ కనపడింది. ఎవరో బండి తిప్పారని చెప్పాను. "ఓ, ఆ పొద్దు వచ్చినోడా" అని, ఆ టైమ్‌కి చెరువు కట్ట మీద ఎవరు వస్తారో ఆలోచించడం మొదలుపెట్టింది. ఇంకా కనిపెట్టలేదు.

వచ్చే నెల శుద్ధ దశమికి గండికోట వెళ్దామనుకుంటున్నాం. పెన్న లోయ మీద, ఈసారి ఉత్తరం వైపు, ధ్రువుణ్ణి ఆయన ఉండాల్సిన చోటే తీద్దామని. ఒకటిన్నర పిడికిలి ఎత్తులో. ట్రైపాడ్ ఉన్నవాళ్ళు ఎవరైనా రావొచ్చు. లేనివాళ్ళు కూడా రావొచ్చు, కాకపోతే టార్చి వేయకూడదు.